వాలిన చేతికి నూటికెన్ని పాళ్లు?

భటునకు కాలుపోయినచో లోకమునకు గనుపట్టును. చేతినరము చచ్చినచో చేయి చేయిగనే యుండును; బొత్తాము పెట్టుకొనుట మాత్రము సాగదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల సైన్యమున మన తెలుగు బిడ్డలును గలరు గాన, అట్టి భటులకు అచ్చటి ప్రభుత్వము నెలనెల నిచ్చు భృతిని నిర్ణయించు లెక్కను మేమిచ్చట వ్రాయుచున్నారము.

హాని కొలువువలన గలిగినదని రుజువైన పిమ్మట, మొదట చూచునది వాటమైన చేయియా, రెండవదా యని. మణికట్టు నెత్తు రేడియల్ నరము పూర్తిగ చచ్చి చేయి వ్రేలాడినచో వాటమైనదానికి నూటికి 70 పాళ్లు, రెండవదానికి 60. చిటికెనవ్రేలి వైపు నుండు అల్నార్ నరమునకు 60, 50. రెండుచేతుల వాటము గలవానికి, దెబ్బతిన్న చేయియే వాటమైనదిగ నెంచబడును. నరము కొంతయే చచ్చినచో స్వల్పము, మధ్యమము, తీవ్రమని మూడు మెట్లు. వాటమైన చేతి అల్నార్ నరమునకు ఇవి 10, 30, 40. తిమ్మిరియు, స్పర్శ తెలియమియు మాత్రమే యున్నచో మధ్యమమును దాటనీయరు. రాత్రులు చేయి పట్టుకొని కూర్చుండువానికి ఈ నియమము కఠినముగనే తోచును.

చేతికి 50, పార్శ్వపు తలనొప్పికి 30 వచ్చినచో 80 అని మనమందుము. కాదు! 50 పోగా మిగిలిన 50లో నూటికి 30 వంతున 15 కలిపి 65 చేసి, పదులకు సవరించి 70 అందురు. సోలలతో గొలుచు మనకిది వింతయే.

ఇల్లాలు వ్రాసియిచ్చిన వాఙ్మూలమును గూడ సాక్ష్యముగ స్వీకరింతురు. వైద్యుడు చూచునది కొంతసేపు. ఏనాడు గ్లాసు జారెనో, ఏ బొత్తాము తాను పెట్టవలసివచ్చెనో ఆమెకే యెఱుక. ఆ సంగతులను తేదీలతో నొక పుస్తకమున వ్రాసియుంచుకొనవలెను.