మా క్లాసు ముగ్గురం

ఉగాది సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు అడిగినప్పుడు, మొన్న శుక్రవారం అబ్బాసియాలో మా ఇంట భోజనాల దగ్గర సాగిన కబుర్లే గుర్తుకొచ్చాయి. రాయలసీమలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 1988లో కలిసి చేరిన వాళ్ళలో ముగ్గురం ఇప్పుడు కువైట్‌లోనే ఉన్నాం.

మేము మూడో సంవత్సరానికి వచ్చే రోజుల్లో, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. మాలో ఒకడి నాన్నగారు అప్పటికి ఇక్కడ డ్రైవరు. అమ్మాన్ మీదుగా బొంబాయి చేరి, చేతి సంచితో ఇంటికొచ్చారు. ఆ నెలల్లో అలా విమానాల్లో స్వదేశం చేరిన భారతీయులు సుమారు 1,70,000 మంది. ఆయన సంపాదన ఆగిపోవడంతో మా వాడి చదువు కూడా ఆగిపోయింది. కువైట్ విముక్తి పొందాక 1992లో, మా అందరికంటే ముందు వాడే ఇక్కడికి ఏసీ మెకానిక్‌గా వచ్చాడు.

ఇంకొకడు మెకానికల్ ఇంజనీరు, ఆయిల్ రంగంలో కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం. కొడుకు ఇంటర్మీడియట్ కోసం భార్యాపిల్లల్ని హైదరాబాదు పంపి, ఫ్లాటు ఖాళీ చేసి రూములో చేరాడు. నేను సివిల్. 1996లో వచ్చాను. మా పిల్లలిద్దరూ అబ్బాసియాలోనే చదువుకున్నారు.

మా కబుర్లు నా పాత బాధ మీదికి మళ్ళాయి. 2018లో ఇక్కడ ఇంజనీర్ల వర్క్ పర్మిట్లకు డిగ్రీ గుర్తింపు అడగడం మొదలైంది. భారతీయ డిగ్రీలకు ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలన్నారు. ఎన్‌బీఏ ఏర్పడిందే 1994లో. మా చదువు ముగిసింది 1992లో! చివరికి నా పర్మిట్‌లో 'ఇంజనీరు' పోయి 'సూపర్‌వైజర్' వచ్చింది. అదే కుర్చీ, అవే డ్రాయింగులు, మాట మాత్రమే మారింది. దాన్ని తలచుకుని మళ్ళీ వాపోయాను.

ఏసీ మెకానిక్ మిత్రుడు నవ్వాడు. "నా కాగితంలో ఆ మాట ఎప్పుడూ లేదు కదరా, పోవడానికి!" అన్నాడు. కాసేపాగి, "మీ పిల్లలు నడక నేర్చుకున్నప్పుడు నువ్వు చూశావా?" అని అడిగాడు.

చూశానన్నాను.

వాడు చూడలేదు. ఫ్యామిలీ వీసాకు కావలసిన జీతం వాడికి ఏనాడూ లేదు. వాడి జీతం పెరిగేలోపు ఆ పరిమితీ పెరిగేది. 2016లో 250 నుంచి 450 దినార్లయింది, 2024లో 800 అయింది. రాజంపేటలో ఉన్న కూతురిని రెండేళ్ళకోసారి, నెల రోజుల సెలవులో చూసుకున్నాడు. ఆ అమ్మాయి నిరుడు బీటెక్ పూర్తిచేసింది. పట్టా అందుకోవడం ఫోనులో చూశాడట.

ఆ తర్వాత నా డిజిగ్నేషన్ ఊసు నేనెత్తలేదు.

సభ్య కుటుంబాలకు రెండు మనవులు. పిల్లల్ని ఇంజనీరింగ్‌లో చేర్చేముందు కాలేజీ పేరే కాదు, చేరే బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో చూడండి. అది బ్రాంచికి విడిగా, కొన్నేళ్ళ గడువుతో ఇస్తారు. రెండోది, ఈ పండుగనాడు కుటుంబానికి దూరంగా రూముల్లో ఉంటున్నవారిని ఒక్కరినైనా ఇంటికి పిలిచి ఉగాది పచ్చడి పెట్టండి. మా ఇంట ఆ రోజు మరో రెండు విస్తళ్ళు వేస్తున్నాం.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.