మనం పీల్చే గాలికి జమాఖర్చులు

ఏటా ఈ సంచికలో దాతల ముందు జమాఖర్చుల పట్టిక ఉంచడం మన ఆనవాయితీ. ఎంత వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది, ఎటు పోయింది, చివరకు ఎంత నిల్వ ఉంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని పద్దును ఎవరూ ఒప్పుకోరు. మనం పీల్చే గాలిలోని ధూళి గురించి ఇవే నాలుగు ప్రశ్నలు అడిగి, కంప్యూటర్ సాయంతో జవాబు వెతికే శాస్త్రం ఒకటి ఉంది. దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చలికాలం ఉదయం ఫోను తెరిస్తే ఊరి పేరు పక్కన గాలి నాణ్యత అంకె కనిపిస్తుంది. ఇంట్లో ఆయాసంతో బాధపడే పెద్దవారు ఉంటే, ఆ అంకెను చూసి వారిని బయటికి పంపాలా వద్దా అని ఆలోచిస్తాం. నిజానికి ఆ ఊళ్లో గాలిని కొలిచే యంత్రమే ఉండకపోవచ్చు. దేశం మొత్తంలో గాలిని ఎడతెగకుండా కొలిచే కేంద్రాలు కొన్ని వందలే. అవి కూడా ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. మరి యంత్రం లేని ఊరికి అంకె ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు అది కంప్యూటర్ కట్టిన లెక్క.

ఇది చిన్న విషయం కాదు. 2019లో మన దేశంలో సుమారు 16.7 లక్షల మరణాలకు వాయు కాలుష్యం కారణమని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అటువంటి అంచనాలకు కూడా యంత్రాల కొలతలతోపాటు ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ లెక్కలే ఆధారం.

కంటికి ఆనని కణం

గాలిలో తేలుతూ ఉండే ఘన, ద్రవ కణాలను ఏరోసాల్ కణాలు అంటారు. పొయ్యి మసి, రోడ్డు దుమ్ము, ఎడారి ఇసుక, సముద్రపు ఉప్పు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా సన్నగా ఉన్నవాటిని పీఎం 2.5 అంటున్నాం. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రోమీటర్లు. అంటే ఇరవైకి పైగా కణాలను వరుసగా పేర్చితే గాని ఒక వెంట్రుక మందం కాదు. పెద్ద దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఈ సన్న కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోకి కూడా వెళ్తాయి. అందుకే దగ్గు, ఆయాసంతోనే ఆగదు. గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది.

ఈ కణాలు రెండు దారుల్లో వస్తాయి. కొన్ని పొగలో నేరుగా బయటపడతాయి. మరికొన్ని గాలిలోనే పుడతాయి. బొగ్గు విద్యుత్ కేంద్రం వదిలిన సల్ఫర్ డయాక్సైడ్ వాయువు ప్రయాణంలో సల్ఫేట్ కణంగా మారుతుంది. వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎరువుల నుంచి, పశువుల పేడ నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి చలిలో నైట్రేట్ కణాలవుతాయి. పొగగొట్టం దగ్గర నిలబడి చూస్తే ఇవి కనిపించవు. వంద కిలోమీటర్ల అవతల, సంబంధం లేదనుకున్న ఊరి మీద తయారవుతాయి. యంత్రం ఎంత ధూళి ఉందో చెబుతుంది గాని, అది ఎవరి పొగలోంచి పుట్టిందో ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఇక్కడే లెక్క అవసరమవుతుంది.

పెట్టెలు పెట్టెలుగా ఆకాశం

వాతావరణాన్ని అంకెలతో లెక్కగట్టవచ్చన్న ఆలోచనకు వందేళ్లు నిండాయి. ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్సన్ మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ నడుపుతూనే ఆరు గంటల వాతావరణ సూచనను చేతితో లెక్క వేశాడు. ఆ జవాబు దారుణంగా తప్పింది. అయినా దాచుకోకుండా 1922లో పద్ధతితో సహా పుస్తకంగా అచ్చువేశాడు. ఆ దారిలోనే ఈనాటి కంప్యూటర్లు నడుస్తున్నాయి.

పద్ధతి ఇది. నేల మీది నుంచి పైకి ఆకాశాన్ని పెట్టెలు పెట్టెలుగా విభజిస్తారు. ప్రతి పెట్టెకూ ఒక పద్దు ఉంటుంది. పొయ్యిలు, వాహనాలు, ఫ్యాక్టరీలు, పొలాల మంటలు వదిలినది, పక్క పెట్టె నుంచి గాలి మోసుకొచ్చినది, రసాయన చర్యల వల్ల కొత్తగా పుట్టినది జమ. గాలికి కొట్టుకుపోయినది, వానకు కడుక్కుపోయినది, నేల మీద వాలినది ఖర్చు. కొద్ది నిమిషాలకొకసారి ప్రతి పెట్టె నిల్వను తిరగరాస్తూ, లక్షల పెట్టెల మీదుగా మూడు రోజుల తర్వాతి గాలి దాకా లెక్క సాగుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న పట్టణంలో ఒక టన్ను సన్న ధూళి గాలిలో ఉందనుకోండి. వేసవి మధ్యాహ్నం ఆ ధూళి రెండు కిలోమీటర్ల ఎత్తు వరకు కలిసిపోతే, ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములే ఉంటుంది. చలికాలం రాత్రి అదే ధూళి 200 మీటర్ల ఎత్తులోనే చిక్కుకుంటే 50 మైక్రోగ్రాములవుతుంది. పొగ ఒక్క గ్రాము పెరగలేదు, పైకప్పు కిందికి దిగిందంతే. చలికాలంలో గాలి పాడవడానికి ఇదొక పెద్ద కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు. మన దేశపు ప్రమాణం 40.

ఢిల్లీ నేర్పిన పాఠం

మన దేశంలో ఈ లెక్కకు అసలైన పరీక్ష ఢిల్లీలో జరుగుతోంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ, అమెరికా జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం, భారత వాతావరణ శాఖ తదితర సంస్థలు కలిసి 2018 అక్టోబరులో అక్కడ ముందస్తు హెచ్చరిక వ్యవస్థను ప్రారంభించాయి. వాతావరణాన్నీ రసాయన చర్యలనూ కలిపి లెక్కగట్టే డబ్ల్యూఆర్ఎఫ్-కెమ్ అనే నమూనా దానికి ఆధారం. తర్వాత ఢిల్లీ నగరానికి పెట్టె వెడల్పును 400 మీటర్ల వరకు తగ్గించారు.

అక్టోబరు, నవంబరు నెలల్లో పంజాబ్, హర్యానా రైతులు వరి కొయ్యకాళ్లను తగలబెడతారు. కోత యంత్రం పొడుగాటి మొదళ్లను వదిలేస్తుంది, గోధుమ విత్తడానికి మిగిలేది రెండు మూడు వారాలే. ఉపగ్రహాలు ఆ మంటలను గుర్తిస్తే, ఆ వివరాలు లెక్కలో జమ అవుతాయి. గాలి ఎటు వీస్తుందో చూసి పొగ ఢిల్లీకి ఎప్పుడు చేరుతుందో నమూనా చెబుతుంది.

ఈ సూచన మీద ఎందరి పూట గడుస్తుందో చూడండి. ఢిల్లీ ప్రాంతంలో గాలి పాడయ్యే కొద్దీ దశలవారీగా ఆంక్షలు పెరుగుతాయి. 2022లో నిబంధనలు మార్చి, పరిస్థితి ముదరకముందే, మూడు రోజుల ముందు సూచనను బట్టి ఆంక్షలు పెట్టే పద్ధతి తెచ్చారు. మూడో దశలో చాలా నిర్మాణ పనులు ఆగిపోతాయి. సూచన అనవసరంగా భయపెడితే తాపీ పనివాడు, ఇటుకలు మోసే కూలి ఆ రోజు కూలి పోగొట్టుకుంటారు. సూచన ముప్పును పసిగట్టలేకపోతే ఆరుబయట ఆ పొగలో పనిచేసేదీ వాళ్లే. తప్పు ఎటు జరిగినా భారం పేదవాడి మీదే. 2021 నవంబరులో పనులు ఆపినప్పుడు, కార్మిక సంక్షేమ సెస్సు నిధి నుంచి వారికి జీవన భృతి ఇవ్వాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

పట్టికలో లేని పద్దు

లెక్క ఎక్కడ తప్పుతుంది? జకాత్ లెక్క వేసిన వారికి ఇది తెలిసిన సంగతే. గుణకారం ఎంత సరిగ్గా చేసినా, ఆస్తుల పట్టికలో ఒకటి రాయడం మరిచిపోతే మొత్తం తప్పే. గాలి లెక్కలోనూ అంతే. ఏ ఊళ్లో ఎన్ని వాహనాలు, ఎన్ని బట్టీలు, ఎన్ని కట్టెల పొయ్యిలు, ఒక్కొక్కటీ ఎంత పొగ అన్న పట్టికే దానికి పునాది. పట్టిక పాతబడితే నమూనా పాత ఊరి గాలినే లెక్కపెడుతుంది.

రెండు ఉదాహరణలు చెప్పుకుందాం. పంట మంటలను గుర్తించే ముఖ్యమైన ఉపగ్రహాలు కొన్ని మన దేశం మీదుగా పగటిపూట మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో వెళ్తాయి. అవి దాటిపోయాక సాయంత్రం పెట్టిన నిప్పు చాలావరకు పట్టికకు ఎక్కదు. పొగ మాత్రం ఢిల్లీకి చేరుతుంది. ఇక రెండోది. ఢిల్లీ చలికాలపు మసక ఎందుకు అంత దట్టంగా ఉంటుందో తేల్చే క్రమంలో, 2021లో ఐఐటీ మద్రాసు శాస్త్రజ్ఞులు ఇతర దేశాల సహచరులతో కలిసి క్లోరైడ్ పాత్రను బయటపెట్టారు. ప్లాస్టిక్ కలిసిన చెత్తను కాల్చడం, కొన్ని పరిశ్రమల వల్ల వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అమ్మోనియాతో కలిసి కణమవుతుంది. ఆ కణం తేమను పీల్చి ఉబ్బుతుంది. వీధి చివర చెత్తకుప్పకు పెట్టిన అగ్గిపుల్లను చాలాకాలం ఎవరూ సరిగ్గా లెక్కలో రాయలేదన్నమాట.

అందుకే ఈ పద్దుకు ఆడిట్ తప్పనిసరి. నేల మీది యంత్రాల కొలతలతో లెక్కను ఎప్పటికప్పుడు సరిచూస్తారు. ఇందులో మన తెలుగు నేలకూ భాగం ఉంది. ఇస్రో దేశవ్యాప్తంగా నడిపే ఏరోసాల్ పరిశీలన కేంద్రాల వరుసలో హైదరాబాద్, విశాఖపట్నం, అనంతపురం ఉన్నాయి. చలికాలంలో గంగా మైదానపు మసక గాలి వెంట బంగాళాఖాతం మీదికి వస్తుంది కనుక, మన కోస్తా గాలి లెక్కలో ఉత్తరాది జమ కూడా ఉంటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, నల్లగొండ, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు చేరాయి. అంటే ఈ ఊళ్లలో ప్రమాణాలకు మించిన ధూళి ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఎవరి పొగ ఎంత

నమూనా చేసే అన్నిటికన్నా విలువైన పని ఒకటుంది. నిజంలో మనం దేశంలోని పొయ్యిలన్నీ ఒక్కరోజు ఆర్పి చూడలేం. కంప్యూటర్‌లో ఆర్పి చూడవచ్చు. మొదట అన్ని పొగలతోనూ లెక్క కడతారు. తర్వాత ఒక పద్దును తీసేసి మళ్లీ కడతారు. రెండింటి తేడాయే ఆ పద్దు వాటా. అయితే ఇది మామూలు తీసివేత కాదు. సల్ఫేట్ తగ్గితే దాన్ని పట్టుకున్న అమ్మోనియా విడుదలై నైట్రేట్‌తో జతకట్టవచ్చు. ఒకటి తగ్గినంతగా మొత్తం తగ్గకపోవచ్చు.

ఐఐటీ బొంబాయి తదితర సంస్థల పరిశోధకులు ఈ పద్ధతిలో దేశమంతటికీ కట్టిన లెక్కను 2018లో అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించింది. 2015లో బయటి గాలిలోని పీఎం 2.5 వల్ల జరిగిన మరణాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా ఎవరిదో తెలుసా? ఫ్యాక్టరీలదీ కాదు, వాహనాలదీ కాదు. ఇళ్లలో కట్టెలు, పిడకలు కాల్చే పొయ్యిలది. దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు 2.67 లక్షల మరణాలు. ఇది వంటింటి లోపలి పొగ లెక్క కాదు, ఆ పొగ బయటికి వచ్చి ఊరందరి గాలిలో కలిసిన తర్వాతి లెక్క మాత్రమే.

ఇందులో పేద ఇల్లాలి తప్పు లేదు. గ్యాసు బండ మళ్లీ నింపించే డబ్బు లేకనే ఆమె కట్టెల దగ్గరికి తిరిగి వెళ్తుంది. అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ ఆ పొగ పీల్చేది ఆమే. ఒక ఇంట్లో పొయ్యి మారితే మేలు రెండు చోట్ల జమ అవుతుంది. ఒకటి ఆ తల్లి, ఆమె చంకలోని బిడ్డ ఊపిరిలో, రెండోది మనందరి గాలిలో. సాయానికి డబ్బు తీసే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

మనం చేయగలిగింది

ఫోనులో కనిపించే అంకెను చదవడం నేర్చుకుందాం. మన దేశపు సూచీలో 100 అంటే పీఎం 2.5 రోజు సగటున 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఒకరోజు హద్దు 15. కాబట్టి సూచీ వంద లోపు ఉంది కదా అని జబ్బుపడిన వారి విషయంలో నిశ్చింతగా ఉండకూడదు. పైగా అది పెట్టె మొత్తానికి సగటు. ట్రాఫిక్ కూడలిలో బండి పెట్టుకున్న చిరువ్యాపారి, పొగ నిండిన వంటగదిలోని ఇల్లాలు పీల్చేది అంతకన్నా చాలా ఎక్కువ.

ఈ రోజు అంకె కన్నా రేపటి సూచన ఎక్కువ ఉపయోగం. రేపు గాలి పాడవుతుందని తెలిస్తే ఆయాసం ఉన్నవారి మందులు ముందే సిద్ధం చేయవచ్చు. పిల్లల ఆటలు, ఆరుబయట సభలు తెల్లవారుజామున కాకుండా ఎండెక్కాక పెట్టుకోవచ్చు. బయట తిరగక తప్పనివారికి ఎన్95 మాస్కు ఇవ్వవచ్చు, గుడ్డ మాస్కు ఈ సన్న కణాలను సరిగా ఆపలేదు. వీధిలో చెత్తకు నిప్పు పెట్టకుండా చూడటానికి ఏ సూచనా అక్కర్లేదు.

కంప్యూటర్ గాలిని శుభ్రం చేయదు. ఎవరి పొగ ఎంత, ఎవరి ఊపిరిలోకి ఎంత అన్నది మాత్రం చెబుతుంది. లెక్క తెలిశాక ఖర్చు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవలసింది మనమే.