జటప్రోలు శ్లేషకావ్యమూ, పర్యాయపదాల పరీక్షా

ఒకే అర్థమిచ్చే వేర్వేరు మాటలను పర్యాయపదాలంటారు గనుక, వాక్యంలో ఒకదాని స్థానంలో మరొకదాన్ని ఉంచినా భావం సాధారణంగా చెడదు. అయితే వ్యక్తికో ఊరికో ప్రత్యేకంగా పెట్టిన పేరుకు, అంటే సంజ్ఞావాచకానికి, ఈ వెసులుబాటు లేదు. చెరువులోని పద్మాన్ని తామర అనవచ్చు గానీ పద్మమ్మను తామరమ్మ అని పిలిస్తే ఆమె పలకదు. చివర ‘ఏరు’ వినిపిస్తున్నదని కోడేరును ‘కోడునది’గా మారిస్తే ఆ ఊరికి బస్సు దొరకదు.

ఆలంకారికులు ఈ మార్పిడిని ‘పరివృత్తి’ అని, దాన్నే శ్లేషకు గీటురాయిగా వాడారు. ఒకే మాటకు పలు అర్థాలు పలికించడం శ్లేష; పర్యాయపదం పెట్టినా అది నిలిస్తే అర్థశ్లేష, చెదిరితే శబ్దశ్లేష అని 11వ శతాబ్దపు మమ్మటుడు విభజించాడు. ‘హరి వచ్చెను’ అన్నప్పుడు విష్ణువూ సింహమూ కోతీ ముగ్గురూ స్ఫురిస్తారు, ‘కేశవుడు వచ్చెను’ అంటే మిగిలిన ఇద్దరూ తప్పుకుంటారు.

కోడేరుకు పొరుగునున్న కొల్లాపూర్ ప్రాంతాన్నేలిన జటప్రోలు సంస్థానపు ఆస్థానకవి ఎలకూచి బాలసరస్వతి 17వ శతాబ్దంలో రచించిన ‘రాఘవ యాదవ పాండవీయము’ రాముడి, కృష్ణుడి, పాండవుల కథలను ఒకే పద్యాలలో నడిపిన సాహసం. అటువంటి రచనలో ఒక్క మాటను మార్చినా ఒక కథ తెగిపోయే ప్రమాదముంది. కవులు మాత్రం పేర్లనూ పూర్తిగా వదలలేదు: ‘పంక్తి’కి పది అనే అర్థమున్నందున దశరథుణ్ణి పంక్తిరథుడన్నారు, ఛందస్సు అడిగినప్పుడు అంతటి చొరవ వారికి చెల్లింది.