పిడికెడు కొత్తిమీర ఎన్ని గ్రాములు?

కలువాయి వంటి మెట్ట ప్రాంతాల్లో కొత్తిమీరను కట్టలుగా కొని, పిడికిలితో కొలిచి వండుతారు. పోషక విలువల పట్టికలు మాత్రం తినదగిన 100 గ్రాముల భాగానికి లెక్కగట్టినవి. విస్తరణ కార్యకర్త ఈ రెండింటి నడుమ చిక్కుకుంటాడు.

బియ్యానికి సోల, తవ్వ సరిపోయాయి. గింజల నడుమ ఖాళీ పెద్దగా మారదు. ఆకుకు ఆ గుణం లేదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో కప్పు కొత్తిమీర ఆకు 16 గ్రాములు. అదే కుటుంబానికి చెందిన పార్స్‌లీ తరుగు 60 గ్రాములు. ఈ వ్యత్యాసంలో మొక్క కన్నా కత్తిపీట పాత్రే ఎక్కువని నా అభిప్రాయం.

వేసవిలో చిక్కు మరింత పెరుగుతుంది. 86 శాతం నీరున్న 100 గ్రాముల ఆకు వాడి 20 గ్రాముల నీటిని కోల్పోయిందనుకుందాం. మిగిలిన 80 గ్రాముల్లోనూ ఘనపదార్థం 14 గ్రాములే. అలా వాడిన ఆకును 100 గ్రాములు తూచితే ఘనపదార్థం 17.5 గ్రాములవుతుంది. కప్పుతో కొలిచినా అంతే. మెత్తబడిన ఆకు అణగి ఎక్కువ పడుతుంది.

అందుచేత వంటల ప్రదర్శనలో తాజా ఆకునే తీసుకొని, వేళ్లు, ముదురు కాడలు తొలగించి, కడగక మునుపే, తరగక మునుపే తూచాలి. కరపత్రంలో గ్రాములు ముందు రాసి, పక్కన ఆ ఊరి కట్టలు పదింటిని విప్పి తూచగా వచ్చిన సగటును, తూచిన నెలతో సహా చేర్చాలి.