వెనక తలుపు తీసి ఉందా?

పాలసీసా, రెండు జతల బట్టలు, ఇష్టమైన బొమ్మ... అన్నీ సర్ది, పాపను క్రెష్‌లో దింపి ఆఫీసుకు పరుగెడుతుంది మా చెల్లెలు. ఓ సాయంత్రం పాపను తీసుకురావడానికి నేను వెళ్లాను. వెనక తలుపుకు అడ్డంగా బియ్యం బస్తాలు! అడగాలనుకున్నాను. ఆయమ్మ ఏమనుకుంటుందోనని మొహమాటపడి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఓ బడి వంటశాల నిప్పు పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు బలయ్యారు. అది గుర్తొస్తే మొహమాటం ఎగిరిపోదూ! మర్నాడే వెళ్లి అడిగాను. బస్తాలు తీయించారు.

మీరూ ఇవి అడగండి:

* గ్యాస్ సిలిండరు పిల్లలు పడుకునే గదికి దూరంగా ఉందా?

* నడవలేని పసివాళ్లను ఏ ఆయా ఎత్తుకోవాలో ముందే అనుకున్నారా? నెలకోసారి ఆటలా అలవాటు చేయిస్తున్నారా?

* బయటికొచ్చాక పిల్లల్ని లెక్కపెట్టడానికి హాజరుపట్టీ చేతికి అందేచోట ఉందా?

* 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు పిల్లల్ని ఎక్కడికి చేరుస్తారు? మీరు రాలేకపోతే ఎవరికి అప్పగించాలి? కాగితం మీద రాసివ్వండి.

అడిగితే తప్పుపట్టేవాళ్లుండొచ్చు. పట్టనివ్వండి. బిడ్డ మనది!