డేటాబేస్‌కు వాకిలి

గ్రంథాలయం డేటాబేస్‌లో పుస్తకాలకు ఒక పట్టిక, రచయితలకు ఒకటి, సభ్యులకు ఒకటి, ఎవరు ఏ పుస్తకం ఇంటికి తీసుకెళ్లారో నమోదు చేసే పట్టిక మరొకటి ఉంటాయి. ఆ సమాచారం సభ్యుడి ఫోన్‌లోని యాప్‌కు చేరాలంటే మధ్యలో వెబ్ ఏపీఐ అనే వాకిలి కావాలి. యాప్ ఒక వెబ్ చిరునామాకు అభ్యర్థన పంపుతుంది. ఏపీఐ దాన్ని ఎస్‌క్యూఎల్ ప్రశ్నగా మార్చి డేటాబేస్‌ను అడుగుతుంది, వచ్చిన వరుసలను జేసన్ రూపంలో తిరిగి పంపుతుంది. చాలా ఏళ్లపాటు ఈ వాకిలిని ప్రోగ్రామర్లు ప్రతి పట్టికకూ చేత్తో కట్టేవారు. చేర్చడం, చదవడం, మార్చడం, తీసెయ్యడం అనే నాలుగు పనులకు నాలుగు కోడ్ ముక్కలు రాయాలి. యాభై పట్టికలుంటే అవి రెండు వందలు. పట్టికలో ఒక కాలమ్ పెరిగితే ఆ కోడ్‌ను మూడు నాలుగు చోట్ల దిద్దుకోవాలి. ఈ చాకిరీని తప్పించడానికి డేటాబేస్ నిర్మాణాన్నే చదివి ఏపీఐని పుట్టించే ఓపెన్ సోర్స్ ఉపకరణాలు, ఎక్కువగా 2014 తర్వాత, ఒక్కొక్కటిగా వచ్చాయి. పైకి అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి. ఏ వరుసను ఎవరు చూడవచ్చో తేల్చే కాపలాను ఎక్కడ నిలబెట్టాలన్న దగ్గరే వాటి దారులు వేరవుతాయి.

ఈ ఉపకరణాల మూలం వెబ్ కంటే పాతది. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. 1985లో ఆయన రిలేషనల్ డేటాబేస్‌కు ఉండవలసిన లక్షణాలను నియమాలుగా ప్రకటించినప్పుడు, వాటిలో నాలుగోది ఇలాంటిది: డేటాబేస్ తన నిర్మాణం గురించిన వివరాలను కూడా పట్టికల్లోనే దాచుకోవాలి, మామూలు సమాచారాన్ని అడిగే భాషలోనే వాటినీ అడగగలగాలి. అంటే ఏ పట్టికలున్నాయి, వాటిలో ఏ కాలమ్‌లున్నాయి, ఏది అంకె, ఏది తేదీ, పుస్తకాల పట్టికలోని రచయిత సంఖ్య రచయితల పట్టికలో ఎవరిని సూచిస్తుంది అన్న సంగతులన్నీ డేటాబేస్ తానే చెప్పగలదు. ఈ స్వీయవర్ణనను కేటలాగ్ అంటారు. ఏపీఐ రాసే ప్రోగ్రామర్ చేత్తో మళ్లీ రాసేది చాలామటుకు ఈ కేటలాగ్‌లో ముందే ఉన్నదే.

ఈ ఉపకరణాల ఆలోచనలో రెండో సగం వెబ్ వైపు నుంచి వచ్చింది. 2000లో రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం రెస్ట్ అనే శైలిని నిర్వచించింది: ప్రతి వనరుకూ ఒక చిరునామా, దాని మీద హెచ్‌టీటీపీ క్రియలు. పట్టికకు చిరునామా ఇచ్చి, చదవడానికి గెట్, చేర్చడానికి పోస్ట్ అని జత కలపడం ఆ తర్వాత పెద్ద ఊహ కాదు. 2004లో వెలువడిన రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ పట్టికకు తగిన కోడ్‌ను రాసి ఇచ్చేది. కానీ ఒకసారి రాసిచ్చిన కోడ్ ఆ తర్వాత ప్రోగ్రామర్ నెత్తినే ఉండేది. 2007లో మైక్రోసాఫ్ట్ ఆస్టోరియా అన్న పేరుతో చూపించిన ప్రయత్నం ఓడేటాగా ఎదిగి, 2014లో ఓయాసిస్ సంస్థ ప్రమాణమైంది. అడిగే పద్ధతిని ప్రమాణంగా నిర్ణయించడం దాని గొప్పతనం.

అదే 2014లో జో నెల్సన్ మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ట్ ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లింది. హాస్కెల్ భాషలో రాసిన ఈ చిన్న సర్వర్ ప్రోగ్రామర్ కోసం కోడ్ రాసిపెట్టదు. మొదలవగానే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ కేటలాగ్‌ను చదివి, పట్టికల చిత్రాన్ని జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. ఆ క్షణం నుంచి ప్రతి పట్టికా, ప్రతి వ్యూ (పట్టికలా కనిపించేలా దాచుకున్న ప్రశ్న) ఒక చిరునామా. చిరునామా చివర షరతులు చేర్చి వంద రూపాయల లోపు పుస్తకాలు మాత్రమే అడగవచ్చు. ఒక పట్టిక మరో పట్టికను సూచించే ఫారిన్ కీ ఉంటే ఒకే అభ్యర్థనలో పుస్తకంతోపాటు రచయిత పేరూ తెచ్చుకోవచ్చు. రెండు పట్టికల మధ్య రెండు ఫారిన్ కీలుంటే, ఉదాహరణకు పుస్తకానికి రచయిత, అనువాదకుడు ఇద్దరూ ఒకే పట్టికలో ఉంటే, పోస్ట్‌గ్రెస్ట్ ఊహాగానం చేయదు. 300 అనే స్థితి సంఖ్యతో ఏ బంధం కావాలో చెప్పమని తిప్పి పంపుతుంది. జవాబు జేసన్‌ను కూడా ఎక్కువగా డేటాబేస్ చేతే తయారు చేయిస్తుంది. గెట్ అభ్యర్థన చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న లావాదేవీలో నడుస్తుంది కాబట్టి చదవబోయి పొరపాటున మార్చే ప్రమాదం ఉండదు.

కాపలా విషయంలో పోస్ట్‌గ్రెస్ట్ నిర్ణయం నిక్కచ్చి: అనుమతులన్నీ డేటాబేస్‌వే. యాప్ పంపిన టోకెన్‌పై సంతకాన్ని సరిచూసి, అందులో ఉన్న పాత్రను ఆ ఒక్క లావాదేవీ వరకూ డేటాబేస్ పాత్రగా ధరిస్తుంది. ఆ పాత్రకు పట్టికను చదివే హక్కు లేకపోతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్లే కాదంటుంది. 2016 జనవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.5తో ఈ పద్ధతికి నిజమైన బలం చేకూరింది. వరుస స్థాయి భద్రత అందులో మొదటిసారి చేరింది. సభ్యుడు తాను తీసుకున్న పుస్తకాల వరుసలే చూడాలన్న నియమాన్ని పట్టిక మీదనే రాసిపెడితే, పట్టిక యజమాని, సూపర్‌యూజర్ వంటి పాత్రలు తప్ప ఏ దారిన వచ్చినవారికైనా అదే వర్తిస్తుంది. ఒక ఏపీఐ ద్వారా వచ్చినా, నివేదికలు తీసే మరో ప్రోగ్రామ్ ద్వారా వచ్చినా నియమం మారదు. తక్కిన పద్ధతులకన్నా ఇది మేలైనదనడానికి ఈ ఒక్క కారణం చాలు. దీని షరతు కూడా అంతే కఠినం: వరుస స్థాయి భద్రతను ఆన్ చేయడం మరిచిన పట్టిక, హక్కు ఇచ్చినవారందరికీ పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ మరుపును పట్టుకోవడానికి మధ్యలో మరో పొర ఉండదు.

గ్రాఫ్‌క్యూఎల్ రాకతో ఇంకో శాఖ మొలిచింది. ఫేస్‌బుక్ 2012లో లోపలి అవసరాలకు రూపొందించి 2015లో బయటపెట్టిన ఈ ప్రశ్నల భాషలో, యాప్ తనకు కావలసిన ఆకారాన్ని తానే వర్ణిస్తుంది: ఈ రచయిత, ఆయన పుస్తకాలు, ఒక్కో పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గరుంది. చేత్తో రాసిన గ్రాఫ్‌క్యూఎల్ సర్వర్లలో దీనికో పాత జబ్బు ఉంది. వంద పుస్తకాల జాబితాకు ఒక ప్రశ్న, ఒక్కో పుస్తకపు రచయిత కోసం మరో ప్రశ్న చొప్పున డేటాబేస్‌కు నూట ఒక్క ప్రశ్నలు వెళతాయి. డేటాబేస్ నిర్మాణం మొత్తం ముందే తెలిసిన ఉపకరణం మాత్రం ఆ వర్ణననంతా ఒకే ఎస్‌క్యూఎల్ ప్రశ్నగా అల్లగలదు. ఈ ఉపకరణాల ఇంజనీరింగులో మెచ్చుకోదగిన భాగం ఇదే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.3లో, 2013లో, వరుసలను జేసన్‌గా పోగుచేసే సాధనాలు రావడం దీన్ని సులువు చేసింది.

ఆ దారిలో మొదటగా పేరుపొందిన వాటిలో కాలెబ్ మెరెడిత్ 2016లో ఆరంభించిన పోస్ట్‌గ్రాఫ్‌క్యూఎల్ ఒకటి. బెంజీ గిల్లం చేతికి వచ్చాక అది పోస్ట్‌గ్రాఫైల్‌గా మారింది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే నోడ్ మీద నడుస్తుంది. కాపలా విషయంలో ఇది పోస్ట్‌గ్రెస్ట్‌కు తోబుట్టువు: అనుమతులను డేటాబేస్‌కే వదిలేస్తుంది. పట్టిక మీదో కాలమ్ మీదో వ్యాఖ్య రాసి దాన్ని ఏపీఐలో దాచవచ్చు, పేరు మార్చవచ్చు. డేటాబేస్‌లో రాసిన ఫంక్షన్ ఆ పట్టికకు అదనపు గడిగా కనిపిస్తుంది. ప్లగిన్లతో దీన్ని మలచుకోగలిగినంతగా తక్కినవాటిని మలచుకోవడం కష్టం.

బెంగళూరులో తన్మయ్ గోపాల్, రాజోశీ ఘోష్ స్థాపించిన హసూరా తన గ్రాఫ్‌క్యూఎల్ ఇంజన్‌ను 2018లో ఓపెన్ సోర్స్ చేసింది. హాస్కెల్, అసుర అన్న రెండు మాటల కలయిక ఆ పేరు. ఆ ఇంజన్ రాసింది హాస్కెల్‌లోనే. తర్వాతి తరం ఇంజన్‌ను రస్ట్‌లో రాశారు. హసూరా కాపలాను డేటాబేస్ నుంచి బయటికి తెచ్చి, తన మెటాడేటాలో నిలబెట్టింది. ఏ పాత్ర, ఏ పట్టిక, ఏ పని అన్న గడుల్లో షరతులు నింపుతారు. అభ్యర్థన వచ్చినప్పుడు ఆ షరతు ఎస్‌క్యూఎల్ ప్రశ్నలోకే చేరుతుంది. వరుస స్థాయి భద్రత లేని డేటాబేస్‌లతోనూ పనిచేయడానికి ఇది తోవ ఇచ్చింది. 2021లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి ఇతర డేటాబేస్‌లకూ విస్తరించింది. కానీ నియమాలు ఇంజన్ దగ్గరే ఉండటం వల్ల, డేటాబేస్‌ను నేరుగా తాకే మరో ప్రోగ్రామ్‌కు అవి వర్తించవు. హసూరా ప్రత్యేకత ప్రత్యక్ష ప్రశ్నలు: మారిన సమాచారం యాప్‌కు తనంత తానే చేరుతుంది. లోపల జరిగేది ఇంద్రజాలం కాదు. ఒకే రకం ప్రశ్న అడిగిన చాలామందిని గుంపుగా కట్టి, మామూలుగా సెకనుకొకసారి వారందరి తరఫునా ఒకే ప్రశ్న వేస్తుంది.

డైరెక్టస్ ఉద్దేశం వేరు. బెన్ హేన్స్ 2004లో పీహెచ్‌పీలో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును తర్వాత నోడ్‌లో తిరగరాశారు. ఉన్న ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు రెస్ట్, గ్రాఫ్‌క్యూఎల్ రెండూ ఇవ్వడమే కాక, ప్రోగ్రామింగ్ తెలియని సంపాదకులు రాసుకునే తెర కూడా ఇస్తుంది. వాడుకరులు, పాత్రలు, అనుమతులు దాచుకోవడానికి అదే డేటాబేస్‌లో తన పట్టికలు కొన్ని చేరుస్తుంది. 2023లో పదో వెర్షన్‌తో దాని లైసెన్స్ మారింది. అంతకుముందు జీపీఎల్ కింద ఉన్న కోడ్, వార్షిక నిధులు 50 లక్షల డాలర్లు దాటిన సంస్థలు వాణిజ్య లైసెన్స్ కొనాలన్న షరతుకిందికి వచ్చింది. కోడ్ అందరికీ కనిపించినా, ఓపెన్ సోర్స్ అన్న మాటకున్న కచ్చితమైన అర్థంలో అది ఇమడదు. పోస్ట్‌గ్రెస్ట్, పోస్ట్‌గ్రాఫైల్ ఎంఐటీ లైసెన్స్ కింద ఉన్నాయి. ఉపకరణాన్ని పదేళ్లు నడపదలచుకున్నవారికి ఇది వేగం లెక్కలకన్నా ముఖ్యం.

డేటాసెట్ అన్ని ఉపకరణాల్లోకీ వినయమైనది, ఒక విధంగా అందరికన్నా తెలివైనది. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ సృష్టికర్తల్లో ఒకడైన సైమన్ విల్లిసన్ 2017 నవంబరులో దీన్ని పైథాన్‌లో విడుదల చేశాడు. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఎస్‌క్యూలైట్ ఫైలును తీసుకుని వెబ్‌సైటుగా, ఏపీఐగా ప్రచురిస్తుంది. ఎవరైనా ఏ ఎస్‌క్యూఎల్ ప్రశ్ననైనా నేరుగా రాసి పంపవచ్చు. తక్కిన చోట్ల తలుపు తెరిచిపెట్టినట్టు అనిపించే ఈ పని ఇక్కడ క్షేమం, ఎందుకంటే ఆ ప్రశ్నలు ఫైలును చదవగలవే తప్ప మార్చలేవు. మామూలుగా ఒక ప్రశ్నకు ఒక సెకను గడువు, వెయ్యి వరుసల పరిమితి ఉంటాయి. పాత్రికేయులు, పరిశోధకులు, ప్రభుత్వ గణాంకాలు పదిమందికీ అందించాలనుకునేవారికి ఇంతకన్నా తిన్నని దారి లేదు.

ఏ ఉపకరణాన్ని ఎంచుకున్నా తప్పని చిక్కు ఒకటుంది. పట్టిక ఆకారమే ఏపీఐ ఆకారమైనప్పుడు, కాలమ్ పేరు మార్చగానే వేల ఫోన్లలో ఉన్న పాత యాప్ ఆగిపోతుంది. అందుకే పోస్ట్‌గ్రెస్ట్ వాడే అనుభవజ్ఞులు అసలు పట్టికలను ఒక స్కీమాలో (డేటాబేస్‌లోని ఒక విభాగంలో) దాచి, బయటికి కనిపించే వ్యూలను, ఫంక్షన్లను మరో స్కీమాలో పెడతారు. లోపల పట్టిక మారినా వ్యూ పాత పేరే చూపిస్తుంది. దాంతో ఏపీఐ రూపకల్పన మళ్లీ మనిషి చేతికి వస్తుంది, ఎస్‌క్యూఎల్ రూపంలో. పుస్తకం గడువు దాటితే జరిమానా వేయడం, డబ్బు చెల్లించాక రసీదు ఈమెయిల్ పంపడం వంటి పనులూ పట్టికల నుంచి వాటంతట అవి పుట్టవు. మొదటిదాన్ని డేటాబేస్ ఫంక్షన్‌గా రాయవచ్చు. రెండోది బయటి సేవకు అప్పగించాలి. హసూరాలోని ఈవెంట్ ట్రిగ్గర్లు ఆ అవసరానికే ఉన్నాయి.

భారం సంగతీ ఉంది. ఎవరైనా ఎంత లోతైన ప్రశ్ననైనా అడగగల వాకిలి డేటాబేస్‌ను అలసిపోయేలా చేయగలదు. రచయిత, ఆయన పుస్తకాలు, వాటి పాఠకులు, ఆ పాఠకుల పుస్తకాలు అంటూ గ్రాఫ్‌క్యూఎల్‌లో గూడు లోపల గూడు కట్టుకుంటూ పోవచ్చు. వరుసల పరిమితి, లోతు పరిమితి, ముందే ఆమోదించిన ప్రశ్నలనే అనుమతించే జాబితా, ప్రశ్నకు కాలపరిమితి పెట్టకుండా ఇలాంటి ఏపీఐని బయటి ప్రపంచానికి తెరవకూడదు.

2020లో మొదలైన సూపాబేస్ సంస్థ ఈ ఉపకరణాలను కొత్త వాడుకరుల దగ్గరికి చేర్చింది. అది ఇచ్చే రెస్ట్ ఏపీఐ లోపల నడిచేది పోస్ట్‌గ్రెస్టే. వరుస స్థాయి భద్రతే అక్కడా కాపలా. గ్రాఫ్‌క్యూఎల్ కోసం మాత్రం ఆ సంస్థ వేరే సర్వర్ పెట్టలేదు. రస్ట్‌లో రాసిన పీజీ గ్రాఫ్‌క్యూఎల్ అనే ఎక్స్‌టెన్షన్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లోపలే కూర్చుని, గ్రాఫ్‌క్యూఎల్ ప్రశ్నను ఎస్‌క్యూఎల్‌గా మారుస్తుంది. వెబ్ వైపు నుంచి అది డేటాబేస్‌లోని ఇంకో ఫంక్షన్ మాత్రమే. పోస్ట్‌గ్రెస్ట్ తక్కిన ఫంక్షన్లను పిలిచినట్టే దాన్నీ పిలుస్తుంది.