ఆ కెంపు మనకే ఎందుకు పడదు?

మాన్‌స్టర్ హంటర్ ఆడేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొత్త ఆటగాడు వచ్చి పక్కన నిలబడితే ముందు అతని పేరు చూడరు. ఒంటి మీద కవచం చూస్తారు, వీపున వేలాడే కత్తి చూస్తారు. 'ఓహో, వీడు రాతాలోస్‌ను గట్టిగానే వేటాడాడే' అని లెక్క వేసేసుకుంటారు. ఎందుకంటే ఈ ఆటలో రాతాలోస్ కత్తి ఏ దుకాణంలోనూ దొరకదు. స్నేహితుడి దగ్గర మిగిలిపోయిన సరుకు ఉన్నా మనకు ఇవ్వలేడు. ఆ ఎర్ర డ్రాగన్ వెంట మనమే పడాలి. పొలుసులు, గోళ్లు, ఎముకలు, చివరికి ఒక కెంపు తెచ్చి కమ్మరి ముందు పెట్టాలి.

ఆ చివరి కెంపు దగ్గరే వస్తుంది గొడవంతా.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జపాన్‌లోని ఒసాకా కంపెనీ క్యాప్‌కామ్ 2004లో ప్లేస్టేషన్ 2 మీద మొదలుపెట్టిన సిరీస్ ఇది. 2018లో వచ్చిన 'మాన్‌స్టర్ హంటర్: వరల్డ్'తో ప్రపంచమంతా పాకింది. నేను చేరింది కూడా దాంతోనే, పీసీ మీద. మిగతా ఆటల్లో శత్రువులను చంపేకొద్దీ మన హీరో బలం పెరుగుతుంది. ఇక్కడ అదేం లేదు. హంటర్ ర్యాంక్ పెరిగితే కొత్త వేటలు తెరుచుకుంటాయి, అంతే. బలమంతా మనం తొడుక్కున్న సామాన్లలోనే. ఆ సామాన్లు మనం కొట్టిన జంతువు నుంచే తయారవుతాయి. అందుకే ఒకే జంతువును పదిసార్లు, ఇరవైసార్లు వేటాడతాం. దీన్నే గేమర్లు 'ఫార్మింగ్' అంటారు. మా నాన్న మిర్చి వేస్తారు. "రాత్రంతా ఫార్మింగ్ చేశా" అని నేను ఫోన్‌లో అంటుంటే విని ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తోక కోస్తే ఒక చీటీ ఎక్కువ

వరల్డ్‌లో రాతాలోస్ రూబీ అనే కెంపు హై ర్యాంక్ వేటల్లో వస్తుంది. ఒక్కో కోతకు అది పడే అవకాశం రెండు మూడు శాతం దగ్గర ఉంటుంది. అమావాస్యకో పున్నానికో అన్నమాట. కాబట్టి తెలివంతా ఒక వేటలో ఎన్ని అవకాశాలు పిండుకోగలం అన్న దాంట్లోనే ఉంది.

జంతువు చచ్చాక శవం దగ్గర మూడు కోతలు వస్తాయి. దాని తోక ముందే తెగిపడి ఉంటే దాన్నుంచి ఇంకొకటి. కెంపుల విషయంలో తోక మీద ఆశ మామూలు కోత కన్నా కాస్త ఎక్కువే. తలో రెక్కలో పగలగొడితే ఆ భాగాల కింద వేరే రివార్డులు. అందుకే గ్యాంగ్‌లో నలుగురూ సుత్తులతో వస్తే నాకు ఒళ్లు మండుతుంది. సుత్తి తోకను కోయదు కదా! ఒక్కరైనా కత్తో గొడ్డలో పట్టుకుని రావాలి. రాతాలోస్ పైకెగిరి దిగకుండా సతాయిస్తే ఫ్లాష్ పాడ్ కొట్టి కింద పడేయాలి, పడ్డప్పుడల్లా తోక మీదే పడాలి.

చంపకుండా ఉచ్చు వేసి పట్టుకోవడం ఇంకో దారి. మినీ మ్యాప్‌లో జంతువు గుర్తు పక్కన పుర్రె బొమ్మ కనిపించిందంటే అది పట్టుబడేంత నీరసపడిందని. ఉచ్చులోకి లాగి, రెండు మత్తు బాంబులు వేస్తే పని అయిపోతుంది. అప్పుడు శవం ఉండదు కాబట్టి కోతలూ ఉండవు, వాటి బదులు రివార్డుల్లో వేరే వాటా వస్తుంది. వేట కొన్ని నిమిషాల ముందే ముగుస్తుంది. నా ఓటు దీనికే, తోక ముందే తెగిపోయి ఉంటే.

వీటన్నిటికన్నా లాభసాటి పని 'ఇన్వెస్టిగేషన్' వేటలు. మామూలు రివార్డుల మీద అదనంగా కంచు, వెండి, బంగారు పెట్టెలు ఇస్తాయి. బంగారు పెట్టెలో అరుదైన సరుకు పడే అవకాశం బాగా ఎక్కువ. బదులుగా టైమ్ తక్కువ ఇస్తాయి, ఒక్కోదాంట్లో ఒక్కసారి పడిపోయినా వేట రద్దు. మన పిల్లి తోడు పాలికో ఉంది కదా, దానికి 'ప్లండర్‌బ్లేడ్' ఇస్తే బతికున్న జంతువు నుంచే సరుకు రాలగొడుతుంది. అది కూడా ఒక చీటీయే.

సెన్సార్ ఉందా, లేదా?

ఇవన్నీ చేసినా కెంపు పడదు. పక్కవాడికి పడుతుంది. జపాన్ ఆటగాళ్లు దీనికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు: 'బుత్సుయోకు సెన్సార్'. బుత్సుయోకు అంటే వస్తువు మీద ఆశ. మన మనసులో ఆశను ఆట పసిగట్టి, సరిగ్గా ఆ వస్తువునే దాచేస్తుందట! ఇంగ్లిష్‌లో ఇదే 'డిజైర్ సెన్సార్' అయింది. మన దగ్గర "నా టైమ్ బాలేదు బాసూ" అంటాం.

మా గ్యాంగ్‌లో నలుగురం. ఒకడు డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. మాకు రాత్రి పదకొండు అయితే వాడికి మధ్యాహ్నం భోజనం వేళ. ఒక చేత్తో శాండ్‌విచ్ తింటూ ఆడేవాడు. వాడికి మొదటి రాతాలోస్ తోకలోనే కెంపు పడింది. తంతే బూరెల గంపలో పడ్డట్టు. "ఇదేంట్రా, ఎర్రగా ఉంది, పనికొస్తుందా?" అని అడిగాడు. హెడ్‌సెట్‌లో మా ముగ్గురికీ మాట రాలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఒక్కో కోతకు 2 శాతం, తోకకు 3 శాతం అనుకుందాం. మిగతా రివార్డులు పక్కన పెడదాం. మూడు కోతలు, ఒక తోక కలిపితే ఒక వేటలో కెంపు పడే అవకాశం సుమారు 8.7 శాతం. తోక కోయకపోతే అది 6 శాతం లోపే. ఈ లెక్కన 8 వేటలయ్యేసరికి సగం మందికి పైగా కెంపు వచ్చేస్తుంది. కానీ 20 వేటల తర్వాత కూడా ప్రతి ఆరుగురిలో ఒకరు ఖాళీ చేతులతోనే ఉంటారు. వేటకు పావుగంట వేసుకున్నా అది ఐదు గంటల పని.

అసలు కిటుకు ఇది కాదు. నలుగురూ కలిసి ఆడినా ఎవరి కోత వాళ్లదే, ఎవరి అదృష్టం వాళ్లదే. మనకు పడే అవకాశం 8.7 శాతమైతే, మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరికి పడే అవకాశం దాదాపు 24 శాతం. అంటే ఇంచుమించు ప్రతి నాలుగు వేటల్లో ఒకసారి హెడ్‌సెట్‌లో "వచ్చిందిరోయ్" అని వేరేవాడి కేక వినిపిస్తుంది. మనకు కావాల్సింది పక్కవాడికి పోతున్నట్టు అనిపించడం భ్రమ కాదు, వాళ్లు ముగ్గురు, మనం ఒక్కళ్లం. సెన్సార్ రహస్యమల్లా అంతే.

ఇంకొక విషయం. 19 సార్లు పడలేదు కాబట్టి ఇరవయ్యోసారి పడి తీరాలి అనుకుంటాం. పాచికకు జ్ఞాపకం ఉండదు. ఇరవయ్యో వేటకూ అదే 8.7.

మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల గురించి చాలామంది వినే ఉంటారు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఆయన వేసిన పుస్తకం నిండా ఇలాంటి లెక్కలే. స్లాట్ మెషీన్ నడిచేది ఈ సూత్రం మీదే, బీజీఎంఐ క్రేట్ తెరిచేటప్పుడు గుండె దడదడలాడేదీ దీనివల్లే. మరి మాన్‌స్టర్ హంటర్ కూడా అంతేనా? సగం అంతే. అర్ధరాత్రి ఒంటి గంటకు 'ఇంకొక్కటి' అనిపించేది కచ్చితంగా పావురం బుద్ధే. కానీ రెండు గింజల మధ్య ఇక్కడ పావుగంట పోరాటం ఉంది. ముప్ఫయ్యో వేటకు రాతాలోస్ భుజం కదిలిన తీరు చూసి నిప్పు ఉమ్ముతుందా, గోళ్లతో దూకుతుందా చెప్పగలను. క్రేట్ వందోసారి తెరిచినా వేలికి కొత్తగా ఏమీ రాదు.

ఇవ్వలేని వస్తువు

డాలస్ వాడి తర్వాత మిగతా ఇద్దరికీ రెండో వారంలో కెంపులొచ్చేశాయి. నాకు లేదు. వాళ్లలో ఒకడి పెట్టెలో రెండోది కూడా ఊరికే పడి ఉంది. ఇవ్వడానికి ఆటలో దారి లేదు. వేరే ఆటల్లో అయితే ఇలాంటి వస్తువుకు బజారు పుడుతుంది, ఎవడో ఒకడు రేటు కట్టి అమ్ముతాడు. ఇక్కడ ఇవ్వగలిగింది ఒక్కటే, టైమ్. ఆ ముగ్గురికీ రాతాలోస్‌తో ఇక పని లేకపోయినా ఇంకో తొమ్మిది రాత్రులు నాతో వచ్చారు. డాలస్ వాడు క్లాసు ఎగ్గొట్టలేదు గానీ లంచ్ మాత్రం రోజూ కీబోర్డు పక్కనే. చివరికి కెంపు పడింది, ఒక ఇన్వెస్టిగేషన్ బంగారు పెట్టెలో. నేను అరవకముందే వాళ్లు అరిచారు.

ఓపిక అయిపోయినవాళ్లకు వరల్డ్‌లో ఒక తలుపు ఉంది. గోల్డ్ వైవీరియన్ ప్రింట్ అనే టికెట్ సంపాదించి మెల్డింగ్ చేసే ముసలావిడకు ఇస్తే కావాల్సిన కెంపు ఇస్తుంది. ఆ టికెట్ కూడా వేటలతోనే వస్తుంది, డబ్బుతో కాదు. ఇలాంటి ఏర్పాటు ప్రతి ఆటలో ఉండాలని నా అభిప్రాయం. దురదృష్టవంతుణ్ణి బాగుచేసేవాడు లేడంటారు గానీ, ఆట తయారుచేసేవాడు తలచుకుంటే చేయగలడు.

ఫోన్‌లో సంగతి వేరు. 2023 సెప్టెంబర్‌లో నియాంటిక్, క్యాప్‌కామ్ కలిసి తెచ్చిన 'మాన్‌స్టర్ హంటర్ నౌ'లో వీధుల్లో నడుస్తూ వేటాడాలి. ఒక్కో వేటకు 75 సెకన్లే. బస్‌స్టాపులో కూడా అయిపోతుంది, ఆ మేరకు చాలా బాగుంది. కానీ అక్కడ 'కార్వింగ్ నైఫ్' అనే కత్తి ఉంది. వేట అయ్యాక అది వాడితే అదనంగా సరుకు వస్తుంది. ఆ కత్తిని జెమ్స్‌తో కొనొచ్చు, జెమ్స్‌ను రూపాయలతో కొనొచ్చు. అంటే నా ముగ్గురు స్నేహితులు తొమ్మిది రాత్రులు చేసిన పనికి రేటు పడింది. అది వాడకూడదని చెప్పను. ఒక్కటి మాత్రం చూసుకోండి: మీరు కొంటున్నది కెంపును కాదు, ఇంకో చీటీని. చీటీ తీశాక అందులో మళ్లీ మామూలు పొలుసే ఉండొచ్చు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' ఇంకో దారి పట్టింది. మ్యాప్‌లో తిరిగే జంతువును ఎంచుకుంటే, దాన్ని వేటాడితే కచ్చితంగా వచ్చే రివార్డులేమిటో ముందే చూపిస్తుంది. అందులో కెంపు లాంటిది కనిపిస్తే ఆ వేటను దాచుకోవచ్చు కూడా. పాత ఆటగాళ్లు కొందరు 'మజా పోయింది' అని గొణుగుతున్నారు. నాకు అలా అనిపించలేదు. ఇప్పుడు నాకు ఉద్యోగం, డాలస్ వాడికీ ఉద్యోగం, మిగతా ఇద్దరిలో ఒకడికి చిన్న పాప. నలుగురం దొరికేది ఆదివారం రాత్రి గంటన్నర. పోయిన వారం రివార్డుల్లో వైవర్న్ జెమ్ చూపించే వేట ఒకటి కనిపిస్తే దాచిపెట్టాను. ఈసారి అది కావాల్సింది డాలస్ వాడికి. వాడు తోక కోసే కత్తి తెస్తానన్నాడు, పాప నాన్న సుత్తి వదలనంటున్నాడు.